ముక్కుకు దగ్గరి పొగ

పల్లెటూరి ఇంట్లో మగవాళ్లలో అందరికన్నా ఎక్కువ పొగ పీల్చేది ఎవరని అడిగితే చుట్టో బీడీయో కాల్చే మనిషినే చూపిస్తాం. 2004లో వెలువడిన ఒక అధ్యయనం మరొకరిని చూపించింది. చెన్నైలోని శ్రీరామచంద్ర వైద్య సంస్థకు చెందిన కల్పనా బాలకృష్ణన్, ఆమె సహ పరిశోధకులు అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని మూడు జిల్లాల్లో 420 పల్లె ఇళ్ల గాలిని కొలిచారు. గాలి కొలిచి ఊరుకోలేదు. దాదాపు 1,400 మంది రోజులో ఏ వేళ ఎక్కడ గడుపుతున్నారో, వంటింట్లోనా, వసారాలోనా, పొలంలోనా అన్నది కూడా రాసుకున్నారు. ఆ రెండు లెక్కలూ కలిపితే ఎవరి ఊపిరిలోకి ఎంత నుసి వెళుతోందో తేలింది. కట్టెలు, పిడకల మీద వండే ఇళ్లలో వంట చేసే స్త్రీలే అందరికన్నా ఎక్కువగా పీలుస్తున్నారు. వారిలోనూ 15 నుంచి 40 ఏళ్ల వారు ముందున్నారు. ఇది ఊహించిందే. మగవాళ్లలో మాత్రం మొదటి స్థానం 65 నుంచి 80 ఏళ్ల ముసలివాళ్లది.

వాళ్లు పొయ్యి ముట్టించరు. పొలానికి పోలేరు, రచ్చబండ దాకా నడవలేరు. పగలంతా ఇంటిపట్టునే మంచం మీద ఉంటారు. పొయ్యి పొగ వచ్చేది కూడా అక్కడికే.

ఇంటి పొగ మీద వచ్చిన పరిశోధనలో ఈ ఒక్క వివరం నాకు పెద్ద పెద్ద గణాంకాలకన్నా ఎక్కువ చెప్పినట్టు అనిపిస్తుంది. పొగ ఎంత పుట్టిందన్నది ఒక లెక్క. అందులో ఎంత ఎవరి ముక్కులోకి వెళ్లిందన్నది వేరే లెక్క. కాలుష్యం అనగానే ఫ్యాక్టరీ గొట్టం, లారీ, చలికాలపు ఢిల్లీ గుర్తుకొస్తాయి; అంటే మన మాటలన్నీ మొదటి లెక్క చుట్టూనే తిరుగుతాయి. రోగం మాత్రం రెండో లెక్కను బట్టి వస్తుంది.

ఈ తేడాను సూత్రంగా చెప్పినవాడు కిర్క్ స్మిత్. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఈయన, వంటింటి పొగ గురించి ప్రపంచంలో ఎవరూ పెద్దగా పట్టించుకోని 1980ల తొలినాళ్లలోనే గుజరాత్ పల్లెలకు వచ్చి, వంట చేసే స్త్రీలు పీల్చే గాలిని కొలిచాడు. 2020లో కన్నుమూసే దాకా ఆ పని వదలలేదు. ఆయన చెప్పింది స్థూలంగా ఇది: బయట ఎక్కడో ఎత్తయిన గొట్టంలోంచి వెలువడిన ఒక గ్రాము నుసికన్నా, ఇంటి లోపల పుట్టిన ఒక గ్రాము నుసి మనిషి ఊపిరిలో చేరే అవకాశం సుమారు వెయ్యి రెట్లు ఎక్కువ. గొట్టం పొగ ఆకాశంలో పలచబడుతుంది, గాలివాటున పోతుంది, వానకు కిందికి దిగుతుంది. వంటింటి పొగకు అంత చోటు ఎక్కడిది? నాలుగు గోడలు, ఒక మనిషి, ఒక ముక్కు.

పొగలో ఏముంది, ఒంట్లో ఎక్కడికి పోతుంది

కంటికి కనిపించే పొగ, కళ్లు మండించే పొగ అసలు సమస్యలో చిన్న భాగం. పెద్ద కణాలను ముక్కులోని వెంట్రుకలు, గొంతులోని తేమ పట్టేస్తాయి. ఉదయం చీదితే నల్లగా వచ్చేది అదే. చిక్కంతా 2.5 మైక్రాన్లకన్నా చిన్నగా ఉండే నుసితో. వార్తల్లో పీఎం 2.5 అని చదివేది దీన్నే. తల వెంట్రుక మందంలో దాదాపు ముప్పయ్యో వంతు. ఇది ముక్కు దగ్గరా గొంతు దగ్గరా ఆగదు. ఊపిరితిత్తుల చివర ఉండే గాలి బుడగల దాకా దిగుతుంది. అక్కడ కాపలా ఉండే కణాలు దాన్ని మింగి అరిగించుకోలేక వాపు పుట్టిస్తాయి. మరీ సూక్ష్మమైన కణాలు పలచటి గోడలు దాటి నేరుగా రక్తంలో కలుస్తాయి.

ఇక్కడే చాలామందికి తెలియని మలుపు ఒకటుంది. ఇంటి పొగ అంటే దగ్గు, ఆయాసం, పిల్లికూతలు అనుకుంటాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2020లో ఇంటి పొగ వల్ల 32 లక్షల మంది చనిపోయారు. వారిలో 32 శాతం గుండెకు రక్తం అందని జబ్బుతో, 23 శాతం పక్షవాతంతో పోయారు. అంటే సగానికి పైగా చావులు ఊపిరితిత్తుల ఖాతాలో లేనే లేవు. న్యుమోనియా వంటి ఇన్ఫెక్షన్ల వాటా 21 శాతం, ఊపిరి గొట్టాలు మూసుకుపోయే సీఓపీడీ వాటా 19 శాతం, ఊపిరితిత్తుల క్యాన్సర్ వాటా 6 శాతం. రక్తంలోకి చేరిన వాపు రక్తనాళాల గోడలను పాడుచేస్తుంది, గడ్డలు కట్టే గుణాన్ని పెంచుతుంది. యాభై ఏళ్ల ఇల్లాలికి గుండెపోటు వస్తే ఉప్పు గురించీ బీపీ గురించీ అడుగుతాం. ఇరవై ఏళ్లు ఏ పొయ్యి మీద వండిందని ఎవరూ అడగరు. ఏ మరణ ధ్రువపత్రంలోనూ కారణం దగ్గర 'పొగ' అని రాయరు. ఈ అంకెలన్నీ అందుకే అంచనాలు. ఎంత మంది ఎంత పీలుస్తున్నారు, అంత పీలిస్తే ఏ జబ్బు ఎంత పెరుగుతుంది అనే రెండు ప్రశ్నలను గుణించి తీసినవి.

కంటి శుక్లాలు, తక్కువ బరువుతో పుట్టే బిడ్డలు కూడా ఈ జాబితాలో ఉన్నారు. 2020 లెక్కలోని 32 లక్షల మందిలో 2,37,000 మందికి పైగా అయిదేళ్లు నిండని పిల్లలే. చంటిబిడ్డ ఊపిరి పెద్దవాళ్లకన్నా వేగంగా ఆడుతుంది, అది ఉండేది తల్లి చంకలో, తల్లి ఉండేది పొయ్యి దగ్గర. మళ్లీ అదే లెక్క.

మన దేశం సంగతి చెప్పాలంటే, 2019లో గాలి కాలుష్యం వల్ల 16.7 లక్షల మంది చనిపోయారని ఒక జాతీయ స్థాయి అధ్యయనం అంచనా వేసింది. అందులో బయటి నుసి వాటా 9.8 లక్షలు, ఇంటి పొగ వాటా 6.1 లక్షలు. 1990 నుంచి 2019 మధ్య ఇంటి పొగ వల్ల వచ్చే మరణాల రేటు 64 శాతం తగ్గింది. అదే కాలంలో బయటి నుసి వల్ల వచ్చే మరణాల రేటు రెట్టింపు దాటింది. మొదటి సగం మంచి వార్తే, కాదనను. కానీ దాన్ని 'ఇంటి పొగ పాత సంగతి' అని చదివేవాళ్లతో నాకు పేచీ ఉంది.

గ్యాసు వచ్చింది, పొగ పోయిందా?

తెలుగువాళ్లకు గ్యాసు పథకాలు కొత్త కాదు. కేంద్రం 2016 మే 1న ఉత్తరప్రదేశ్‌లోని బలియాలో ఉజ్జ్వల పథకం మొదలుపెట్టడానికి పదిహేడేళ్ల ముందే, 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం కింద డ్వాక్రా మహిళలకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చారు. ఫలితం కనిపిస్తుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో వంటకు శుభ్రమైన ఇంధనం వాడే ఇళ్లు దేశమంతటా 58.6 శాతం ఉంటే, తెలంగాణలో 91.8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 83.6 శాతం.

అయితే ఆ సర్వే అడిగే ప్రశ్నను ఒకసారి చూడాలి. వంటకు మీరు ప్రధానంగా ఏ ఇంధనం వాడతారు? 'ప్రధానంగా', 'వంటకు'. ఈ రెండు మాటల మధ్య సందులోంచి ఎంత పొగ జారిపోతుందో పల్లె తెలిసినవాళ్లకు తెలుసు. అన్నం, కూర గ్యాసు మీద. స్నానానికి నీళ్లు పెరట్లో కాగు మీద. గేదెకు ఉలవలు ఉడికించేది మూడు రాళ్ల పొయ్యి మీద. సంక్రాంతికి అరిసెలు, సకినాలు, పెళ్లికి వంటలు కట్టెల మీద. సిలిండరు నెలాఖరుకు అయిపోతే, డబ్బు చేతికొచ్చే దాకా ఎండుపుల్లలే గతి. రేషను కార్డు మీద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా ఇచ్చే పథకం ఆంధ్రప్రదేశ్‌లో 2024లో వచ్చిందంటే, కనెక్షన్ ఉండటం, సిలిండరు నిండి ఉండటం ఒకటి కాదని ప్రభుత్వాలకూ తెలుసన్నమాట.

ఇంకో చిక్కు ఇల్లు కట్టే తీరులో ఉంది. పాత పెంకుటిళ్లలో పెంకుల సందుల్లోంచి, గోడ పైభాగాన వదిలిన గవాక్షంలోంచి పొగ తన దారి తాను వెతుక్కునేది. మండువా ఇంట్లో అయితే నడిమధ్యన ఆకాశమే ఉండేది. పెంకులు తీసి స్లాబు వేసినప్పుడు ఎండా వానా ఆగాయి, దానితోపాటు పొగకున్న దారీ మూసుకుపోయింది. అదే కట్టెల పొయ్యి, అవే కట్టెలు, ఇప్పుడు పొగ మాత్రం తల ఎత్తులో నిలబడుతుంది. 2004 నాటి అధ్యయనంలోనూ ఇంధనంతో పాటు వంటిల్లు ఎలా ఉందన్నది గట్టి ప్రభావం చూపింది.

అదే అధ్యయనంలో మరో అంకె నన్ను వదలదు. కట్టెల ఇళ్లలో నుసి రోజు సగటు ఘనమీటరుకు 732 మైక్రోగ్రాముల దాకా ఉంటే, గ్యాసు ఇళ్లలో 73. పదో వంతు! చప్పట్లు కొట్టే ముందు ఒక పోలిక చూద్దాం. మన దేశ ప్రమాణం ప్రకారం పీఎం 2.5 రోజు సగటు 60 దాటకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన హద్దు 15. ఈ అధ్యయనం కొలిచింది పీఎం 2.5కన్నా కాస్త పెద్ద కణాలను కూడా కలుపుకొని కాబట్టి రెండూ అచ్చంగా ఒకటి కావు. అయినా గ్యాసు ఇంటి గాలి శుభ్రం అనలేం. పక్కింట్లో పిడకలు కాలుతుంటే మన గ్యాసు పొయ్యి ఏం చేస్తుంది? దేశంలో బయటి నుసికి పెద్ద వనరుల్లో ఒకటి ఇళ్లలో కాల్చే కట్టెలే. బయటి కాలుష్యం, ఇంటి కాలుష్యం అని రెండు పద్దులు రాసుకుంటాం కానీ పొగకు గుమ్మం తెలియదు.

ఈ సంగతి ఎంత దూరం పోతుందో హాపిన్ అనే పెద్ద ప్రయోగం చూపించింది. భారత్ (తమిళనాడు), గ్వాటెమాలా, పెరూ, రువాండా దేశాల్లో కట్టెల మీద వండే 3,200 మంది గర్భిణులను తీసుకున్నారు. చీటీ వేసినట్టు సగం మందికి గ్యాసు పొయ్యి, ఉచితంగా ఇంధనం ఇచ్చారు. మిగతా సగం పాత పొయ్యితోనే కొనసాగారు. గ్యాసు అందినవాళ్లు నిజంగానే కట్టెలు మానేశారు. పీల్చే పీఎం 2.5 మధ్యస్థ విలువ కట్టెల వర్గంలో 70.7 ఉంటే, గ్యాసు వర్గంలో 23.9కి దిగింది. ఇక బిడ్డల బరువు పెరగాలి కదా. 2022లో ఫలితాలు వచ్చాయి: గ్యాసు తల్లుల బిడ్డల సగటు బరువు 2,921 గ్రాములు, కట్టెల తల్లుల బిడ్డలది 2,898. గణాంకాల భాషలో అది తేడా కింద లెక్కే కాదు. 2024లో వచ్చిన ఫలితాల ప్రకారం ఏడాదిలోపు బిడ్డల్లో తీవ్రమైన న్యుమోనియా కూడా తగ్గలేదు.

దీన్ని పట్టుకుని గ్యాసు దండగ అన్నవాళ్లు ఉన్నారు. నేను అలా చదవను. పొయ్యి మారింది గర్భం వచ్చిన కొన్ని వారాల తర్వాత. తల్లి ఊపిరితిత్తులు, రక్తనాళాలు మాత్రం పుట్టినప్పటి నుంచి పొగలో ఉన్నవి. కొన్ని నెలల ప్రయోగం ఏళ్ల తరబడి పట్టిన మసిని కడగలేదు. పైగా పొగకూ జబ్బుకూ ఉన్న సంబంధం సరళరేఖ కాదు. తొలి మెట్లు నిటారుగా ఉండి, పైకి పోయేకొద్దీ చదునవుతుంది. శుభ్రమైన గాలిలో కొంచెం పొగ చేరితే గుండె జబ్బు ముప్పు గబగబా పెరుగుతుంది. ఇప్పటికే దట్టంగా ఉన్నచోట ఇంకొంత చేరితే పెద్దగా పెరగదు. వెనక్కి దిగేటప్పుడూ అదే మెట్ల వరస. 700 నుంచి 350కి దించితే పొగ సగమైందని సంబరపడతాం, ఒంటికి మాత్రం సగం మేలు కూడా జరగదు. అసలు లాభం అట్టడుగు మెట్లలో, ఇరవైల నుంచి అయిదుకు దిగే చోట ఉంది. ఒక్క ఇంటి పొయ్యి మారితే అక్కడికి చేరలేం, ఊరి పొయ్యిలన్నీ మారాలి. ఇది నిరాశ కలిగించే మాటే. కానీ గ్యాసు వల్ల ఆడవాళ్లకు మిగిలిన గంటలు, మోయని కట్టెల మోపులు, మండని కళ్లు ఏ ప్రయోగపు కొలమానంలోనూ లేవని మరచిపోకూడదు.

ఫ్లాటులో పొగ ఎక్కడిది?

కట్టెలు చూసి ఎరగని నగరవాసి ఇదంతా తనది కాదనుకుంటాడు. ఒక్క అగరుబత్తితో మొదలుపెడదాం. అగరుబత్తి ఒక గ్రాము కాలితే 45 మిల్లీగ్రాములకు పైగా నుసి వస్తుందని పరిశోధనల సమీక్ష ఒకటి చెబుతుంది. సిగరెట్టు గ్రాముకు 10 మిల్లీగ్రాములే. పది అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదిలో పట్టే గాలి సుమారు 28 ఘనమీటర్లు. బత్తి బరువు ఒక గ్రామనుకుని, ఆ 45 మిల్లీగ్రాములను గదంతా పరిస్తే ఘనమీటరుకు 1,600 మైక్రోగ్రాములు. గదిలో గాలి గంటకొకసారి మారుతుంటే, రోజంతా అక్కడే ఉండే మనిషికి రోజు సగటులో ఆ ఒక్క బత్తి వల్ల 67 మైక్రోగ్రాములు కలుస్తాయి. కిటికీలు తెరిచి గంటకు అయిదుసార్లు మారేలా చూస్తే 13. గోడలకూ తెరలకూ అంటుకునేదాన్ని వదిలేసిన మోటు లెక్క ఇది, బత్తులన్నీ ఒకటి కావు కూడా. అయినా విషయం అర్థమవుతుంది: దేవుడి ముందు వెలిగించిన ఒక్క బత్తి, కిటికీ మూసి ఉంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దును నాలుగింతలు దాటిస్తుంది. గుడి మండపంలో గుప్పెడు బత్తులు వెలిగించినా గాలి తీసుకుపోతుంది. బీరువా పక్కన, తలుపు మూసిన పూజగదిలో అలా జరగదు. ఇక శుక్రవారం సాంబ్రాణి వేసి, పొగ 'పట్టాలని' తలుపులు మూసే ఇళ్లు ఉన్నాయి. తలంటు పోసిన పసిబిడ్డ జుట్టుకు సాంబ్రాణి పట్టే అలవాటు గురించి చెబితే పెద్దవాళ్లు నొచ్చుకుంటారు, కానీ చెప్పక తప్పదు. ఆ బుట్ట కింద నిప్పుకు బిడ్డ ముక్కు జానెడు దూరంలో ఉంటుంది.

దోమల కాయిల్ సంగతి ఇంతకన్నా ఘోరం. 2003లో చైనా, మలేషియా కాయిళ్ల మీద జరిగిన అధ్యయనంలో ఒక్క కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే పీఎం 2.5 బరువు 75 నుంచి 137 సిగరెట్ల నుసికి సమానమని తేలింది. నుసి బరువు వరకే ఈ పోలిక. కాయిల్ పెట్టుకున్నవాడు వంద సిగరెట్లు తాగినట్టు కాదు. అయినా ఆ పొగలో ఎనిమిది గంటలు నిద్రపోతాం, దోమలు రాకుండా కిటికీలు మూసి మరీ. లిక్విడ్ మిషన్లలో పొగ ఉండదు, మందు మాత్రం గాలిలోనే ఉంటుంది. పాతకాలపు దోమతెరకు ఈ విషయంలో సాటి వచ్చేది ఇంకా రాలేదు.

వంట దగ్గరికి వస్తే, గ్యాసు మంటలోంచి నైట్రోజన్ డయాక్సైడ్ వస్తుంది, ఉబ్బసం ఉన్న పిల్లలకు అది పడదు. అసలు నుసి మాత్రం కాగిన నూనెది. పోపులో ఎండుమిరపకాయ మాడితే ఇల్లంతా దగ్గుతుంది. ఆ ఘాటు ఇబ్బందే తప్ప దీర్ఘకాలపు ముప్పు కాదు, నిజానికి అది మంచి హెచ్చరిక. ఘాటు లేకుండా మరిగే నూనె పొగ ఏ హెచ్చరికా ఇవ్వకుండా లోపలికి దిగుతుంది. అధిక వేడి మీద వేయించేటప్పుడు వచ్చే ఆవిర్లను, కట్టెల పొగను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2010లో 'బహుశా క్యాన్సర్ కారకాలు' అన్న వర్గంలో చేర్చింది. ఇళ్లలో కాల్చే రాతిబొగ్గు పొగ విషయంలో 'బహుశా' అన్న మాట కూడా వాడలేదు, క్యాన్సర్ కారకమనే తేల్చింది. 2018లో ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో ఒక ప్రయోగశాల ఇంట్లో పరిశోధకులు అమెరికన్ల పండగ విందు మొత్తం వండి గాలి కొలిస్తే, పీఎం 2.5 ఘనమీటరుకు 200 మైక్రోగ్రాములు దాటింది. ఆ రాష్ట్రంలోనే డాలస్‌లో ఉన్న మనవాళ్లకు ఇది వింత కాదు. పోపు పెట్టగానే పొగ అలారం మోగుతుంది, ఒకరు గరిటె పట్టుకుంటే ఇంకొకరు అలారం కింద తువ్వాలు ఊపుతుంటారు. అక్కడ చాలా ఇళ్లలో పొయ్యి మీద మైక్రోవేవ్, దాని అడుగున ఫ్యాను ఉంటాయి. ఆ ఫ్యాను పొగను పీల్చి, జిడ్డు జల్లెడ దాటించి, మళ్లీ వంటింట్లోకే వదులుతుంది. ఇక్కడ మన ఊళ్లలో అమ్మే 'డక్ట్ అక్కర్లేని' చిమ్నీలు చేసే పనీ అదే. గొట్టం బయటికి పోని చిమ్నీ చిమ్నీ కాదని కొనే ముందు తెలుసుకోవడం మంచిది.

ఏసీ గురించి ఒక మాట. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు. గదిలో ఉన్న గాలినే చల్లబరిచి తిప్పుతుంది. దాని వల దుమ్మునూ దారపు పోగులనూ ఆపుతుంది, పీఎం 2.5ను కాదు. వేసవి రాత్రి తలుపులు బిగించి, ఏసీ పెట్టి, కాయిల్ వెలిగించి పడుకునే గది, పొగ లెక్కలో పాతకాలపు వంటింటికి పెద్ద దూరంలో లేదు. కొత్త ఫర్నిచరు, ప్లైవుడ్, పెయింటు నుంచి నెలల తరబడి వచ్చే ఫార్మాల్డిహైడ్ వంటి వాయువులూ ఆ గదిలోనే ఉంటాయి. బీరువాలో బట్టల మధ్య వేసే కలరా ఉండలకు పేరెలా వచ్చినా అవి ఏ కలరానూ ఆపవు. అది నాఫ్తలీన్. జి6పిడి అనే ఎంజైమ్ లోపంతో పుట్టిన బిడ్డకు ఆ బట్టలు చుట్టబెడితే ఎర్ర రక్తకణాలు చితికి తీవ్రమైన కామెర్లు రావచ్చు. దాచిన పాత చీరలో పసిబిడ్డను చుట్టేది మనమే కాబట్టి ఇది గుర్తుంచుకోవాల్సిన సంగతి.

వాసన లేని శత్రువు

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఏళ్లు తీసుకుంటాయి. ఒకటి మాత్రం నిమిషాల్లో చంపుతుంది. వంటగ్యాసు లీకయితే మనకు తెలియాలనే దానికి వాసన కలుపుతారు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, ఘాటు లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్‌కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుని ఆక్సిజన్‌కు చోటు లేకుండా చేస్తుంది. కిటికీ లేని బాత్‌రూములో గ్యాసు గీజరు నడిస్తే, గదిలో ఆక్సిజన్ తగ్గేకొద్దీ మంట సరిగా మండక ఈ వాయువు పుడుతుంది. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం. పైత్యం అనుకుంటారు, నీరసం అనుకుంటారు, కింద పడిపోతారు. తలుపు లోపలి గడియ వేసి ఉంటుంది. గీజరును బాత్‌రూము బయట పెట్టించి, నీళ్ల గొట్టం మాత్రం లోపలికి తీసుకుంటే ఈ కథే లేదు. లంబసింగి, అరకు, ఆదిలాబాద్ చలిలో కుంపటి పెట్టుకుని తలుపులు మూసి పడుకోవడం కూడా ఇదే కోవలోకి వస్తుంది. పొగ రావడం లేదు కదా అని ఎర్రటి బొగ్గులను నమ్మకూడదు. ఎర్రటి బొగ్గులే ఎక్కువ ప్రమాదం.

మొక్కలు, మిషన్లు, కిటికీలు

స్నేక్ ప్లాంట్, మనీ ప్లాంట్ గాలిని శుద్ధి చేస్తాయని నర్సరీల్లో బోర్డులు చూస్తాం. ఆ మాటకు మూలం 1989 నాటి నాసా అధ్యయనం. అది మూసిన చిన్న పెట్టెలో చేసిన పరీక్ష. 2019లో అలాంటి ప్రయోగాలన్నిటినీ తిరగేసిన పరిశోధకులు, మామూలు గదిలో గాలి మార్పిడి చేసే పనికి సాటి రావాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1,000 మొక్కలు కావాలన్నారు. పదడుగుల గదికి తక్కువలో తక్కువ 93 కుండీలు. అన్నీ సర్దాక మంచానికి చోటు మిగలదు. మొక్కలు అందానికి పెంచుకుందాం, అందులో తప్పేముంది?

ఎయిర్ ప్యూరిఫయర్ల మాట వేరే. హెపా ఫిల్టర్ ఉన్నది నుసిని నిజంగానే పట్టుకుంటుంది. గది కొలతకు తగ్గది కొనాలి, ఫిల్టరు వేళకు మార్చాలి, తలుపు మూయాలి. వాయువులను అది ఆపదు, కార్బన్ మోనాక్సైడ్‌ను అసలే ఆపదు. నాకు అర్థమైనంత వరకు మధ్యతరగతి ఇంటికి ముందు కావలసింది ప్యూరిఫయర్ కాదు, వంటింటి గోడలో పనిచేసే ఎగ్జాస్ట్ ఫ్యాను. దాన్ని కూర మాడాక కాదు, పొయ్యి వెలిగించే ముందు వేయాలి, వంటయ్యాక పావుగంట తిరగనివ్వాలి. ఫ్యాను గాలిని బయటికి తోస్తే దాని చోటులోకి గాలి వచ్చేందుకు ఎదురుగా ఎక్కడో ఒక కిటికీ తెరిచి ఉండాలి. లేకపోతే అది శబ్దం చేసే అలంకారం. రోడ్డు వారగా ఉండే ఇళ్లలో ఏ వేళ తెరవాలన్నదీ ముఖ్యమే. చలికాలపు తెల్లవారుజామున, రాత్రుళ్లు చల్లగాలి నేలకు అంటుకుని నుసిని కిందే పట్టి ఉంచుతుంది. ఎండ ఎక్కాక, మధ్యాహ్నం పూట గాలి లేస్తుంది, అప్పుడు తెరవడం మేలు.

మొన్న జనవరిలో మా పెద్దమ్మ ఊరికి వెళ్లాను. వంటింట్లో రెండు సిలిండర్లు, నాలుగు బర్నర్ల పొయ్యి, గోడకు టైల్సు. సర్వే వాళ్లు వస్తే ఏ గడిలో టిక్కు పెడతారో చెప్పక్కర్లేదు. పెరట్లో జామచెట్టు కింద పెద్ద రాగి కాగు. అయిదు గంటలకే దాని కింద మంట. మొక్కజొన్న కండెలు, కొబ్బరి మట్టలు, అవి త్వరగా అంటుకోవడానికి రెండు పాల ప్యాకెట్ల కవర్లు, ఒక పాత హవాయి చెప్పు పట్టీ. నల్లటి పొగ చూరు కిందుగా పాకి వెనక గదిలోకి పోతోంది. ఆ గదిలో మా పెదనాన్న మంచం. ఎనభై దగ్గరపడింది, దగ్గు వల్ల రాత్రి నిద్రలేదన్నాడు. మనవరాలు దుప్పటి కప్పుకుని కాగుకు మూరెడు దూరంలో చలి కాచుకుంటోంది.

"పెద్దమ్మా, ఆ కవర్లు వేయకు, పొగ లోపలికి పోతోంది," అన్నాను.

"కట్టెల పొయ్యి మానేసి పన్నెండేళ్లయింది నాయనా," అంది పెద్దమ్మ, ఇంకో కండె లోపలికి తోస్తూ. "ఇది ఒట్టి నీళ్లకే కదా!"